రెడాక్సైడ్ కప్పలేని తప్పు లేదు

ఇంటి గేటు, బాల్కనీ రెయిలింగు చేయించుకోవడానికి బెజవాడ ఆటోనగర్‌లో నాలుగు రోజులు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: వెల్డింగ్ అతుకుల్ని శుభ్రం చేసే విద్యలో ప్రపంచం మన వెనకే ఉంది.

రాడ్డుతో అతుకు పెట్టాక పైన గట్టిపడే స్లాగు పెచ్చును చిప్పింగ్ సుత్తితో రాలగొట్టాలట. వైరు బ్రష్షుతో రుద్దాలట. కింద లోహం సరిగ్గా కరిగి పట్టిందా, బొక్కలున్నాయా అని చూసుకున్నాకే రెండో వరస వెయ్యాలట. చూస్తే ఏం కనిపిస్తాయి? తప్పులే. అందుకే మా మేస్త్రి చూడడు. పెచ్చు మీదే రెండో వరస, దాని మీద గ్రైండరు, ఆపైన పుట్టీ, తుప్పు పట్టకుండా పూసే ఎర్రటి రెడాక్సైడ్, నల్లరంగు. గేటు అద్దంలా వచ్చింది. మొదటి వానాకాలానికి కీలు దగ్గర రంగు పెచ్చులూడితే, "గట్టిగా వేస్తున్నట్టున్నారు సార్" అన్నాడు. గేటు వేసింది మేమే కాబట్టి నోరు మూసుకున్నాను.

గ్రైండరుకు బిళ్లను కప్పే గార్డేదని అడిగాను. "అడ్డమండీ, తీసేశాం" అన్నాడు. నిజమే, దాని ఉద్యోగమే అడ్డం ఉండడం. నాలుగంగుళాల బిళ్ల నిమిషానికి 11 వేల చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంది. ఆ వేగంతో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కమంటే మా షాపు కుర్రాడు దండం పెడతాడు గానీ, అరచెయ్యి దూరంలో తిప్పమంటే చెవిలో ఫోను పెట్టుకుని మరీ తిప్పుతాడు. కోతకు పనికొచ్చే మిల్లీమీటరు మందం బిళ్లను పక్కకు వాల్చి అరగదీస్తే అది పగిలి ఎగురుతుందన్నాను. "ఇప్పటిదాకా ఎగరలేదండీ" అన్నాడు. ఇంతకు మించిన భద్రతా పరీక్ష ఏముంటుంది?

ఇక స్టీలు రెయిలింగు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దానిలోని క్రోమియం పైన కట్టే కంటికి కనిపించనంత పల్చటి పొర. మామూలు ఇనుము రుద్దిన బ్రష్షుతోనే స్టీలునూ రుద్దితే ఇనుప రజను దానికి అంటుకుని తుప్పు పడుతుంది. అందుకే స్టీలుకు స్టీలు తీగల బ్రష్షు వేరే ఉంచాలంటారు. మా షాపులో అలాంటి తేడాల్లేవు, అందరికీ ఒకటే బ్రష్షు. నెల తిరక్కుండానే రెయిలింగు మీద గోధుమరంగు చుక్కలు తేలాయి. "నీళ్ల దోషమండీ" అన్నాడు మేస్త్రి. పాపం కృష్ణమ్మ.

అతుకుల పక్కన వేడికి కమిలిన నీలి మచ్చలు పోవడానికి పికిలింగ్ పేస్టు తెచ్చాడు. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. అందులో ఉండేవి నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలు. రెండోది చర్మం మీద పడ్డ వెంటనే మండకపోవచ్చు. గంటల తర్వాత నొప్పి మొదలయ్యేసరికి లోపలికి దిగి ఎముక దాకా పోతుంది, ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది. పడ్డ క్షణమే ధారగా నీళ్లు పోసి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి, ఆసుపత్రికి పరుగెత్తాలి. మా కుర్రాడు దాన్ని టీ గ్లాసులో వంపుకుని, పాత టూత్‌బ్రష్షుతో, ఉత్త చేతుల్తో పూస్తున్నాడు. జెల్ ఉందా అని అడిగాను.

"జుట్టుకాండీ?" అన్నాడు.

ఆ గ్లాసు పగలగొట్టించే దాకా నేను కదల్లేదు. ఆ పూట టీ కూడా ముట్టలేదు.

న్యాయంగా ఒక్క మెచ్చుకోలు. జిడ్డు తుడవడానికి క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనరు వాడి, అది ఆరకముందే వెల్డింగ్ ఆర్క్ కొడితే ఫాస్జీన్ పుట్టొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అది. మా మేస్త్రి జిడ్డును లుంగీ అంచుతో తుడుస్తాడు. ఈ ఒక్క విషయంలో మేం భద్రంగా ఉన్నాం.

కళ్లద్దాలు లేవని ఎవరూ అనుకోకండి. దుర్గమ్మ పటం పక్కన మేకుకు, కవరు కూడా విప్పకుండా వేలాడుతున్నాయి. మొన్న దసరాకు బాకీ తీర్చడానికి వెళ్తే ఆయుధపూజ జరుగుతోంది. గ్రైండరుకు బొట్టు, రాడ్డు పట్టే హోల్డరుకు బొట్టు, కళ్లద్దాలకూ సరిగ్గా అద్దం నడిమధ్యన బొట్టు. అటక మీది గార్డును కూడా దించి, దుమ్ము దులిపి, పసుపు రాసి, హారతి ఇచ్చి, మళ్లీ జాగ్రత్తగా అటక మీదే పెట్టారు.