ఆదివారం మాస్టర్లు

స్విట్జర్లాండు వాళ్ళని చూస్తే జాలేస్తుంది. నోషాటెల్‌లో 1966లో పెట్టిన వోస్టెప్ అనే సంస్థ పద్ధతిలో వాచీ పని నేర్చుకోవాలంటే దాదాపు 3,000 గంటలు, అంటే రెండేళ్ళు బల్ల ముందు కూర్చోవాలి. మన బెంగళూరు ఇందిరానగర్‌లో అదే విద్య ఆదివారం పొద్దున మొదలై బిర్యానీ వేళకి పూర్తవుతుంది. సర్టిఫికెట్ మీద బంగారు అక్షరాలతో 'మాస్టర్ వాచ్‌మేకర్'. సోమవారానికల్లా అది లింక్డిన్ ఎక్కేస్తుంది.

అక్కడి మందమతులకు మొదటి నెలల్లో అసలు వాచీయే ఇవ్వరు. ఆకురాయి, ఇత్తడి ముక్క చేతిలో పెట్టి, మిల్లీమీటరులో వందో వంతు తేడా రాకుండా అరగదీయమంటారు. తర్వాత లేత్ మీద కీ కాడ, ఆ తర్వాత బ్యాలెన్స్ ఇరుసు, అంటే వాచీలో అటూ ఇటూ ఊగుతూ వేళ నడిపే చక్రం ఇరుసు. ఆ ఇరుసు కొస మందం 0.1 మిల్లీమీటరు. పాపం, వాళ్ళకి రీళ్ళు తీసుకోవడం తెలీదు.

ఇక్కడి క్లాసు చూడాలి. నల్ల ఏప్రన్, కంటికి లూపు అనే భూతద్దం, పక్కన ఫిల్టర్ కాఫీ, మారతహళ్ళి నుంచి దిగిన మనవాళ్ళ దండు. చేతిలో జేబు గడియారాల కోసం పుట్టిన 6497 అనే మూవ్‌మెంట్‌కి, అంటే వాచీ లోపలి యంత్రానికి, చైనా నకలు, అడ్డం 36.6 మిల్లీమీటర్లు గనక ఎంత మొరటు చేతికైనా దొరుకుతుంది. బ్యాలెన్సు ముందే తీసి దాచేస్తారు. అది వీళ్ళ చేతికిస్తే దాన్ని ఊపే వెంట్రుక లాంటి చుట్ల స్ప్రింగు, హెయిర్‌స్ప్రింగు, చిక్కుపడి క్లాసు రాత్రికి కూడా తెమలదు. చక్రాల్ని పట్టి ఉంచే బ్రిడ్జి స్క్రూ విప్పితే ఒక ఫొటో, చక్రం ఎత్తితే ఒక రీలు.

"మామా, ఒక స్క్రూ ఎగిరిపోయిందిరా!"

"ఆగరా, ఎవడూ కదలొద్దు!"

ఎనిమిది మంది ఇంజనీర్లు ఫోన్ టార్చీలతో బల్ల కింద పాకుతారు. ఒక మేధావి అయస్కాంతం తెస్తాడు. వాచీ బల్ల మీదకి అయస్కాంతం! హెయిర్‌స్ప్రింగుకి అది సోకిందా, చుట్లు ఒకదాన్నొకటి అంటుకుని వాచీ రోజుకి నిమిషాల కొద్దీ ముందుకి ఉరుకుతుంది. చివర్లో ట్రైనరుగారొచ్చి, దొరకని స్క్రూ బదులు ఇంకోటి బిగించి, బ్యాలెన్సు తనే పెట్టి కాస్త కీ ఇస్తారు. టిక్కుమంటుంది. అందరూ తమకి తామే చప్పట్లు కొట్టుకుంటారు.

ఇంతవరకైతే మనకేం నొప్పి లేదు. డబ్బూ వాళ్ళదే, చైనా ముక్కా వాళ్ళదే. కానీ ఆ రాత్రే ఒంగోలు నుంచి తెచ్చుకున్న తాతగారి హెచ్‌ఎంటీ జనతా వెనక మూత తెరుచుకుంటుంది. వాచీ విప్పేముందు కీ ఇస్తే చుట్టుకునే మెయిన్‌స్ప్రింగు బలం దించాలి: కీ తిప్పే తలని వేళ్ళతో పట్టుకుని, స్ప్రింగు వెనక్కి రాకుండా ఆపే క్లిక్‌ని పక్కకి జరిపి, మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. క్లాసు వాచీలకి ముందే కీ దించి ఉంచుతారు గనక ఈ సంగతి 'మాస్టర్'కి తెలీదు. చక్రాల్ని ఆపి ఆపి వదిలే పాలెట్ ఫోర్కు ఎత్తగానే చక్రాలన్నీ గిర్రున తిరిగి ఇరుసు కొసలు పుటుక్కుమంటాయి. మరో మాస్టరు తలుపు బందులకి కొట్టే స్ప్రే కొడతాడు. పాలెట్ ఇరుసులకైతే అసలు నూనే వేయరు. మిగతా ఇరుసులు తిరిగే రాళ్ళ గుంటల్లో కూడా నూనె సగానికి మించితే పక్కకి పాకిపోతుంది. వీడు వాచీకి తలంటే పోశాడు.

విరిగిన ఆ ఇరుసు ఇప్పుడెవడు తెస్తాడు? 1961లో జపాన్ వాచీల కంపెనీ సిటిజన్ సాయంతో ఇదే బెంగళూరులో మొదలైంది హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ. 2016లో కేంద్రం హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకి ఆమోదం తెలిపింది. ఆ ఫ్యాక్టరీ నుంచి ఇక కొత్త ముక్క రాదు. మిగిలినదల్లా పాత స్టాకు, ఇంకో వాచీని చంపి పీకిన భాగాలు. నువ్వొకటి విరగ్గొడితే ఇంకెవరి తాత వాచీయో ఆగిపోతుంది. సరదాకి పాడుచేయడానికి నీకు హక్కెవరిచ్చారు? పూటలో 'మాస్టర్' అని రాసిచ్చి చేతులు దులుపుకున్నవాడికి సిగ్గుండక్కర్లేదా? పైగా అవెన్యూ రోడ్డులో ఆ ఇరుసు మళ్ళీ చేసిచ్చే పెద్దాయన కూలి చెబితే, "అంకుల్, పది నిమిషాల పనే కదా, మాకు తెలుసు" అని బేరమాడేదీ వీళ్ళే!

వచ్చే నెల అడ్వాన్స్‌డ్ బ్యాచి ఉందట. సెల్లు మార్చడం, పట్టీ బిగించడం నేర్పుతారు. సీట్లు అయిపోయాయి.