తహసీల్దారు లేని లోకం

పర్లాకిమిడి తహసీలు కార్యాలయం ముందు అర్జీలు రాసే పెద్దమనిషికి ఉపాధి పోయే గడియ దగ్గర పడింది. ఇంట్లో తెలుగు, ఫారంలో ఒడియా అయిన మా బోటి వారికి ఇన్నాళ్లూ ఆయనే దిక్కు. కొత్తగా వచ్చిన వికేంద్రీకృత వెబ్ శాస్త్రంలో మధ్యవర్తికి చోటు లేదట.

శాస్త్రం చెప్పేది ఇదీ. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌లో ఎవరి సర్వరు వారు పెట్టుకోవచ్చు. జనం మాత్రం చాలావరకు చదివి ఊరుకున్నారు. తరువాత రాయడమూ సులువైంది గాని, రాసిందంతా కొద్దిమంది కంపెనీల గోదాముల్లో చేరింది. ఇప్పుడిది మూడో అవతారం. 2014లో ఇథీరియం అనే వ్యవస్థను నిర్మించినవారిలో ఒకడైన గావిన్ వుడ్ దీనికి వెబ్ 3 అని నామకరణం చేశాడు. ఇందులో ఎవరికి ఏముందో రాసే ఖాతా పుస్తకం ఒకరి చేతిలో ఉండదు. వేల కంప్యూటర్లలో అదే ప్రతి ఉంటుంది. అవి ఏకాభిప్రాయానికి వస్తేనే కొత్త పద్దు ఎక్కుతుంది.

రాకపోతే? 2016లో ఇలాంటి ఖాతా పుస్తకమే అయిన ఇథీరియంలో ఒక ఉమ్మడి నిధి సొమ్మును ఎవరో కోడులోని లొసుగు పట్టుకుని మళ్లించుకున్నారు. పద్దు తిరగరాద్దామని కొందరు, రాసింది రాసిందేనని కొందరు పట్టుబట్టారు. పుస్తకం రెండయింది. నేటికీ రెండూ నడుస్తున్నాయి. కొరాపుట్ జిల్లా కొటియా పల్లెల వారు వింటే నవ్విపోతారు. ఆ ఊళ్లు ఒడిశా లెక్కలో ఒడిశావి, ఆంధ్ర లెక్కలో ఆంధ్రవి; తగవు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది; రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్న కుటుంబాలున్నాయి. ఇంత సాంకేతికతను వారు ఒక్క కంప్యూటర్ లేకుండా సాధించారు.

ఇక తాళం సంగతి. పాస్‌వర్డు మరిచిపోతే కొత్తది పంపే కంపెనీ ఇక్కడ లేదు. ఆ పుస్తకంలోని మీ ఆస్తికి తాళం పన్నెండో ఇరవై నాలుగో ఇంగ్లీషు మాటలు. అవి పోతే ఆస్తి పోయినట్టే. మొరపెట్టుకోవడానికి తహసీల్దారు లేడు, పై అధికారి లేడు, చేయి తడుపుదామన్నా చేయే లేదు. ఇంత నిక్కచ్చి పాలన తెల్లదొరల హయాంలోనైనా ఉండేదా అని నా సందేహం.

సానుభూతితో ఇదంతా అర్జీల పెద్దమనిషికి విన్నవించాను. ఆయన కలం మూత పెట్టి, "దానికేముంది బాబూ, ఆ పన్నెండు మాటలూ నా పుస్తకంలో రాసి ఉంచుతాను, ఏడాదికి ఇంతని ఇప్పించండి" అన్నారు.

ప్రపంచంలోని మేధావులకూ సరిగ్గా ఇదే తోచింది. దానికి ఎక్స్ఛేంజి అని పేరు పెట్టారు. మధ్యవర్తులు వద్దని బయలుదేరిన జనం సొమ్మూ తాళాలూ మోసుకెళ్లి ఎఫ్‌టీఎక్స్ వంటి వారికి అప్పగించారు; 2022 నవంబరులో అది దివాలా తీసింది. దాని కార్యాలయం బహామాస్ దీవుల్లో ఉండేది. మా పెద్దమనిషి ఇల్లు బస్టాండు వెనక వీధిలోనే.