స్టాండర్డ్ క్యాలెండర్ గారికి, సైట్ ఆఫీస్ నుంచి

అయ్యా స్టాండర్డ్ క్యాలెండర్ గారూ,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న బిల్డర్ దగ్గర ప్లానింగ్ ఇంజనీర్‌ని. పనుల షెడ్యూల్ వేసే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫైల్ ఓపెన్ చేసినప్పుడల్లా ముందే వచ్చి కూర్చునే క్యాలెండర్ మీరే కాబట్టి మనకి ముఖపరిచయం ఉన్నట్టే. ఈరోజు భోగి. సైట్‌లో నేనున్నా, వాచ్‌మన్ తాత ఉన్నాడు, ఒక కుక్క ఉంది. మీ లెక్కలో మాత్రం పొద్దున ఎనిమిదింటి నుంచి 32 మంది నాలుగో ఫ్లోర్ సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద కట్టే అచ్చు) కొడుతున్నారు, పన్నెండింటికి గంట సేపు భోజనానికి దిగుతారు, ఐదింటికి ఇంటికెళ్తారు. ఎంత క్రమశిక్షణో! వాళ్ళంతా ఊళ్ళకెళ్ళి నాలుగు రోజులైంది సార్.

మీరు పుట్టుకతోనే ఒక్క పండగ కూడా ఎరుగరు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పని, శని ఆదివారాలు రెస్ట్, సంవత్సరమంతా ఇంతే. సెలవులన్నీ మేమే ఒక్కొక్కటిగా ఎక్సెప్షన్స్ అనే లిస్టులో టైప్ చేసి పెట్టాలి. సంక్రాంతి మీకు ఎక్సెప్షన్! మా మేస్త్రీకి తెలిస్తే ఏమంటాడో నేను ఇక్కడ రాయలేను.

సరే టైప్ చేస్తాం, మాకేం పని. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 అయితే ప్రతి సంవత్సరం అదే తేదీ అని ఒక్కసారి చెప్తే చాలు, అక్కడిదాకా మీరు బంగారం. ఉగాది దగ్గరికి వచ్చేసరికి మొదలవుతుంది కథ. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. మీ దగ్గర డైలీ, వీక్లీ, మంత్లీ, ఇయర్లీ అని నాలుగు బటన్లున్నాయి గానీ చైత్ర శుద్ధ పాడ్యమి అని ఐదోది లేదు. నాకంటే ముందు ఈ ఉద్యోగంలో ఉన్న కుర్రాడు తెలివిగా ప్రతి ఏడాది మార్చి 30 అని పెట్టేసి రిజైన్ చేసి వెళ్ళిపోయాడు, ఇప్పుడు ఏ ఫైల్ తెరిచినా ఆ రోజు అందరికీ ఉగాదే. రంజాన్ సంగతి అసలు అడగొద్దు, నెలవంక కనిపించిందో లేదో ముందురోజు రాత్రి దాకా మాకే తెలీదు. ఇక 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి, మీకు అది ఒక్క సెలవు, లెక్క సరిపోయింది, మా వాళ్ళకి మాత్రం వైన్ షాపులు బంద్ ఉన్న దసరా, ఆ బాధకి మీ దగ్గర కాలమ్ లేదు.

మా సైట్‌లో సెలవు వేరు, పని జరక్కపోవడం వేరు. మేం టైప్ చేస్తే సంక్రాంతి మీకు మూడు రోజులు, మాకు పన్నెండు. కనుమ అయ్యాక ముక్కనుమ అంటారు, తర్వాత బస్సు దొరకలేదంటారు, దొరికాక ఈరోజు అమావాస్య కదా సార్ రేపు మొదలుపెడదాం అంటారు. శనివారం సాయంత్రం పేమెంట్ ఇస్తాం కాబట్టి సోమవారం సగం మందే వస్తారు, ఏ ప్రభుత్వ జీవోలోనూ ఈ సెలవు లేదు గానీ దీన్ని మించిన గ్యారంటీ సెలవు ఇంకోటి లేదు. గణేశ్ నిమజ్జనం రోజు మా ముఠా మొత్తం సైట్‌లోనే ఉన్నా, ఆర్‌ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీట్) బండి సైట్ దాకా రాదు. బార్ బెండింగ్ (ఇనుప కడ్డీలు వంచే) వాళ్ళది ఒడిశా, సెంట్రింగ్ వాళ్ళది బీహార్, ఒకళ్ళు వచ్చేసరికి ఇంకొకళ్ళు ఛఠ్ పూజకి వెళ్తారు. ఎవరి క్యాలెండర్ వాళ్ళకి ఇచ్చి, పనికి కూడా విడిగా ఒక క్యాలెండర్ తగిలించి చూశా ఒకసారి, అందరికీ కలిసొచ్చే పని టైం చాలట్లేదు అని మీ సాఫ్ట్‌వేరే ఒక బాక్స్ చూపించింది. ఆరోజు మాత్రం మీరు మా మేస్త్రీలాగే మాట్లాడారు, నాకు ముచ్చటేసింది.

వారానికి ఆరు రోజులు పని అని మిమ్మల్ని మార్చా. మారారు. కానీ ఆప్షన్స్‌లో వారం అంటే 40 గంటలు అనే ఇంకో లెక్క ఉంటుందని, దాన్ని విడిగా మార్చాలని నాకెవరు చెప్పారు? ప్లాస్టరింగ్‌కి రెండు వారాలు అని కొడితే రెండో వారం గురువారానికే అయిపోయిందన్నారు మీరు. ఓనర్ ఆ ప్రింటవుట్ పట్టుకుని శుక్రవారం పొద్దున్నే వచ్చాడు. (నెల అంటే మీకు 20 రోజులంట, అద్దె కూడా అలాగే కట్టే వీలుంటే బాగుండు.) మా బావ సౌదీలో ఇదే పని చేస్తాడు, అక్కడ శుక్ర, శనివారాలు సెలవు, 2013 దాకా గురు, శుక్రవారాలు ఉండేది, కొత్త ఫైల్ తెరవగానే టీ కంటే ముందు మిమ్మల్నే మారుస్తాడంట.

ఇవన్నీ ఓర్చుకుంటా. నాకు నిజంగా మండిపోయింది మాత్రం స్లాబ్ దగ్గర. నాలుగున్నర మీటర్లు దాటిన స్పాన్‌కి (ఆధారాల మధ్య దూరానికి) స్లాబ్ కింద ప్రాప్స్, అంటే ఆనించే పోట్లు, 14 రోజులు ఉంచాలని ఐఎస్ 456 అనే కాంక్రీట్ కోడ్ చెప్తుంది. నేను 14 డేస్ అని కొట్టా. కొత్తవాడిని, అప్పటికి మిమ్మల్ని మార్చడం కూడా తెలీదు. మీరు శని, ఆదివారాలు తీసేసి దాన్ని 18 రోజులకి సాగదీశారు. అంటే మీ ఉద్దేశంలో శుక్రవారం సాయంత్రం ఐదింటికి కాంక్రీట్ కూడా బాక్స్ సర్దుకుని ఇంటికెళ్తుంది, సోమవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చి మళ్ళీ గట్టిపడటం మొదలెడుతుంది! ఆరు స్లాబులకి కలిపి షెడ్యూల్‌లో 24 రోజులు ఊరికే పెరిగాయి. డేస్ ముందు ఒక 'ఇ' తగిలిస్తే ఎలాప్స్‌డ్ డేస్ అవుతుందని, సెలవులతో సంబంధం లేకుండా లెక్కేస్తుందని నాకు మూడో స్లాబ్ అయ్యాక తెలిసింది. భోగి రోజు మేస్త్రీతో పని చేయించి ఆదివారం కాంక్రీట్‌కి సెలవిచ్చిన మహానుభావులు మీరు. మా సైట్ మొత్తం మీద ఎలాప్స్‌డ్ డేస్‌లో బతికే మనిషి వాచ్‌మన్ తాత ఒక్కడే, ఆదివారమైనా పండగైనా పైపు పట్టుకుని స్లాబ్ మీద నీళ్ళు కొడుతూనే ఉంటాడు. మీ రిసోర్స్ షీట్‌లో, అదే పనివాళ్ళ లిస్టులో, ఆయన పేరు లేదు.

చివరిగా ఒక్క సాయం. ఓనర్ గృహప్రవేశం ముహూర్తం పెట్టించుకొచ్చాడు, మూఢం వస్తోందంట, ఇది దాటితే మళ్ళీ నెలలు ఆగాలంట, తెల్లవారుజామున 4:20కి. ఆ టైంకి మస్ట్ ఫినిష్ ఆన్ (కచ్చితంగా అప్పటికే పూర్తవ్వాలి) అని పెట్టా. మీ దృష్టిలో అది నాన్ వర్కింగ్ టైమ్. పాలు పొంగాలంటే ఎనిమిదింటి దాకా ఆగమని పంతులు గారికి మీరే చెప్తారా, నన్ను చెప్పమంటారా?

ఇట్లు,
మీ ప్లానింగ్ ఇంజనీర్
(తాత నీళ్ళు కొట్టడానికి పిలుస్తున్నాడు, మోటార్ ఆన్ చేయాలి, ఉంటా)