జన్యు ఇంజినీరింగ్‌పై తిరుగుతున్న ఆ మెసేజ్‌లో ఏది అబద్ధం, ఏది అరనిజం?

గ్రూపుల్లో మళ్లీ మళ్లీ కనిపించే ఒక మెసేజ్ సారాంశం ఇది: "శాస్త్రవేత్తలు కృత్రిమంగా తయారుచేసిన కత్తెరలతో డీఎన్‌ఏను కోసి, ఒక ప్రాణి జన్యువును ఇంకో ప్రాణిలో అతికిస్తున్నారు. ఇది ప్రకృతిలో ఎక్కడా జరగని పని. చేప జన్యువు పెట్టిన టమాటాలు అమ్ముతున్నారు. తింటే ఆ జన్యువు మన ఒంట్లో చేరిపోతుంది. ఇప్పుడు క్రిస్పర్ వచ్చింది, ఒక్క ఇంజెక్షన్‌తో ఏ జబ్బైనా మాయం, కావాల్సిన పిల్లల్ని ఆర్డరిచ్చి కనొచ్చు." మొదటి సగం బెదిరిస్తుంది, చివరి సగం ఊరిస్తుంది. ఈ రెండూ ఎలా పొసగుతాయన్న అనుమానం ఫార్వర్డ్ చేసేవాళ్లకు రాలేదు కాబోలు. వరసగా చూద్దాం.

ముందు కృత్రిమ కత్తెరల సంగతి. డీఎన్‌ఏను కోసే రిస్ట్రిక్షన్ ఎంజైములు మనిషి కనిపెట్టినవి కావు, బ్యాక్టీరియా ఆయుధాలు. బ్యాక్టీరియాకూ వైరస్‌ల బెడద ఉంటుంది. చొరబడిన వైరస్ డీఎన్‌ఏను అవి ఈ ఎంజైములతో తుంచేస్తాయి. తమ సొంత డీఎన్‌ఏ తెగిపోకుండా, ఆ ఎంజైములు కోసే చోట్ల ముందే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు వేసుకుంటాయి. ఈ ఎంజైముల గుట్టు విప్పినందుకే వెర్నర్ ఆర్బర్, హామిల్టన్ స్మిత్, డేనియల్ నాథన్స్‌లకు 1978లో నోబెల్ వచ్చింది. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో దొరికే ఎకోఆర్‌వన్ ఎంజైమునే తీసుకోండి. డీఎన్‌ఏలో జి-ఏ-ఏ-టి-టి-సి అనే ఆరక్షరాల వరస కనిపించిన చోటే అది కోస్తుంది. డీఎన్‌ఏలోని రెండు పోగులనూ ఒకే చోట కోయదు, కాస్త అటూ ఇటూగా కోస్తుంది. దాంతో తెగిన కొసల్లో నాలుగేసి అక్షరాలు జత లేకుండా మిగులుతాయి. ఇదే ఎంజైముతో కోసిన మరో డీఎన్‌ఏ, అది ఏ ప్రాణిదైనా సరే, ఆ కొసలకు జత కుదురుతుంది. ఆ అతుకును గట్టిపరిచే లైగేజ్ ఎంజైము కూడా కొత్తదేం కాదు. మన కణాల్లో డీఎన్‌ఏ నకలు తయారయ్యే ప్రతిసారీ ముక్కలను కలిపేది ఆ కుటుంబపు ఎంజైమే. డీఎన్‌ఏకు ల్యాబ్‌లో బోలెడు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో వాడే టాక్ ఎంజైమూ అంతే, వేడినీటి ఊటల్లో బతికే ఒక బ్యాక్టీరియాది.

"ప్రకృతిలో ఎక్కడా జరగదు" అనడం ఇంకా పెద్ద తప్పు. ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాలను బ్యాక్టీరియాలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. యాంటీబయాటిక్‌లకు లొంగని గుణం అంత వేగంగా పాకడానికి అదొక కారణం. నేలలో ఉండే అగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా అయితే తన ప్లాస్మిడ్‌లోని ఒక ముక్కను ఏకంగా మొక్క క్రోమోజోముల్లోకే చొప్పించి కణితి పుట్టిస్తుంది. 1983లో శాస్త్రవేత్తలు ఈ దారినే వాడుకుని పొగాకు మొక్కల్లోకి తమకు కావాల్సిన జన్యువును ఎక్కించారు. 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పరీక్షించిన 291 సాగు చిలగడదుంప నమూనాలన్నింటిలోనూ అగ్రోబ్యాక్టీరియం డీఎన్‌ఏ బయటపడింది. ల్యాబుల కంటే ఎంతో ముందు, ఎవరి ప్రమేయమూ లేకుండా చేరినదది.

ప్రకృతిలో ఉంది కాబట్టి మంచిదని కాదు నా వాదన. అగ్రోబ్యాక్టీరియం తెచ్చేది జబ్బే కదా. సహజమా కాదా అన్న ప్రశ్నతో ప్రమాదం తేలదంటున్నాను. గ్రోత్ హార్మోన్ కథే చూడండి. ఆ హార్మోన్ లోపించి ఎదగని పిల్లలకు ఒకప్పుడు, చనిపోయినవారి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన హార్మోన్ ఇచ్చేవారు. అంతకంటే సహజమైనది ఏముంటుంది? అది వాడినవారిలో కొందరు క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బుతో చనిపోయారని తెలిసి అమెరికాలో 1985లో ఆపేశారు. బ్యాక్టీరియాలో తయారుచేసిన హార్మోన్‌కు అక్కడ అనుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే.

ఇంత పొడవు మెసేజ్‌లో ఇన్సులిన్ పేరే లేకపోవడం నాకు అన్నిటికంటే వింతగా తోచింది. ఒకప్పుడు దాన్ని పశువుల, పందుల క్లోమం నుంచి తీసేవారు. పశువుల ఇన్సులిన్‌కూ మనదానికీ మూడు అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి) తేడా, పందులదైతే ఒక్కటి. మనిషి ఇన్సులిన్‌లో రెండు గొలుసులుంటాయి, ఒకదానిలో 21 అమైనో ఆమ్లాలు, రెండోదానిలో 30. 1978లో ఒక్కో గొలుసుకు తగిన డీఎన్‌ఏను రసాయనికంగా పేర్చి, విడివిడిగా ఈ.కోలైలో పెట్టి, అవి తయారుచేసిన గొలుసులను శుద్ధిచేసి జత కలిపారు. అందుకోసం ఏ మనిషి ఒంట్లోంచీ జన్యువు తీయలేదు. 1982లో అది మందుగా అమెరికాలో అనుమతి పొందింది. సీసాలోకి వచ్చేది శుద్ధిచేసిన ప్రొటీన్, బ్యాక్టీరియా కాదు.

చేప టమాటా విషయం రెండు మాటల్లో. చలిని తట్టుకుంటుందేమోనని 1990ల మొదట్లో ఫ్లౌండర్ అనే చేప జన్యువును టమాటాలో పెట్టి చూసిన మాట నిజం. అది మార్కెట్‌కు రానేలేదు. 1994లో అమెరికాలో అమ్మిన ఫ్లేవర్ సేవర్ రకంలో చేపది ఏదీ లేదు. కాయ తొందరగా మెత్తబడకుండా టమాటా సొంత జన్యువునే తిరగేసి పెట్టి, దాని పని తగ్గించారు. కొన్నేళ్లకే అదీ కనుమరుగైంది.

ఇక "తింటే జన్యువు ఒంట్లో చేరుతుంది" అన్న భయం. ఏ కూర తిన్నా, ఏ పండు తిన్నా అందులో వేల జన్యువులుంటాయి. పేగుల్లో క్లోమరసంలోని ఎంజైములు డీఎన్‌ఏను ముక్కలు ముక్కలు చేస్తాయి. ల్యాబ్‌లో ఒక బ్యాక్టీరియాలోకి ప్లాస్మిడ్ ఎక్కించడం ఎంత తంటానో చూస్తే ఈ భయం కొంత తగ్గుతుంది. కణాలను కాల్షియం క్లోరైడ్‌లో నానబెట్టి, ఐసు మీద ఉంచి, 42 డిగ్రీల వేడిలో నిమిషం లోపు పెట్టి, మళ్లీ ఐసులోకి తెస్తారు. ఇంత చేసినా ప్లాస్మిడ్‌ను లోపలికి తీసుకునేవి కొద్ది కణాలే. వాటిని ఏరడానికే ప్లాస్మిడ్‌లో యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు కూడా పెడతారు. ఆ మందు కలిపిన పళ్లెంలో మిగతావి చచ్చి, ఎక్కినవి మాత్రమే చుక్కలుగా పెరుగుతాయి. నిజానికి అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది. పంటల్లోకి జన్యువు ఎక్కించేటప్పుడూ ఇలాంటి గుర్తు జన్యువును వాడారు. అది పంటలో ఎందుకు మిగిలి ఉండాలి? దాని మీద శాస్త్రవేత్తల్లోనే చర్చ జరిగింది, దాన్ని తర్వాత తొలగించే పద్ధతులూ వచ్చాయి. మెసేజ్ రాసినవారికి ఆ సంగతి పట్టలేదు.

చివరగా క్రిస్పర్, అంటే డీఎన్‌ఏను అనుకున్న చోట కోసే పద్ధతి. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియే చూపిన ఈ పద్ధతికి 2020లో నోబెల్ వచ్చింది. గైడ్ ఆర్‌ఎన్‌ఏలోని సుమారు 20 అక్షరాల వరస చోటు చూపిస్తే కాస్9 ఎంజైమ్ కోస్తుంది. ఇదీ వైరస్‌ల మీద బ్యాక్టీరియా ఆయుధమే. అయితే కోయడం వరకే దాని పని. తెగినచోటును కణం తనకు తోచినట్టు బాగుచేసుకుంటుంది, ఒక్కోసారి కోయకూడని చోటా తెగుతుంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బుకు 2023 నవంబరులో బ్రిటన్‌లో అనుమతి పొందిన క్యాస్‌జెవీ చికిత్స చూడండి. రోగి రక్తకణాలను పుట్టించే మూలకణాలను బయటికి తీసి, ల్యాబ్‌లో క్రిస్పర్‌తో మార్చి, కీమోతో ఎముక మజ్జను ఖాళీ చేసి, వాటిని మళ్లీ ఎక్కించాలి. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. "ఒక్క ఇంజెక్షన్" ఎక్కడిది? పైగా సికిల్ సెల్ ఒకే జన్యువులో ఒక్క అక్షరం తప్పుతో వచ్చేది. షుగర్, బీపీ అలాంటివి కావు.

ఆర్డర్ పిల్లల సంగతి: 2018లో చైనాలో హె జియాన్‌కుయి అనే శాస్త్రవేత్త పిండాల్లోనే జన్యువు మార్చి కవల ఆడపిల్లల్ని పుట్టించాడు. హెచ్‌ఐవీ నుంచి కాపాడడానికని చెప్పాడు. కానీ ఆ పిల్లల్లో వచ్చిన మార్పులు హెచ్‌ఐవీని అడ్డుకుంటాయని తెలిసిన మార్పుతో సరిపోలేదు. మరుసటి ఏడాది అతనికి మూడేళ్ల జైలు శిక్ష పడింది. ఒక్క జన్యువు మార్చబోతేనే ఇదీ పరిస్థితి. మనిషి ఎత్తుతో సంబంధం ఉన్న డీఎన్‌ఏ తేడాలు 12,000కు పైగా ఉన్నాయని 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కతేల్చింది. ఎత్తుకే అన్ని ఉంటే, తెలివితేటలకు ఏ జన్యువు మార్చాలో ఆ మెసేజ్ రాసినవారే చెప్పాలి.