ఆయాసానికి కారణం ఊపిరితిత్తులేనా?

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ ఉన్న మనిషికి ఆయాసం పెరిగితే, ఇంట్లోవాళ్ల చూపూ వైద్యుల చూపూ ముందు ఇన్‌హేలర్ మీదికే పోతుంది. కానీ ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో ఇంచుమించు ఒకే ఫలితం వచ్చిన ఇద్దరిలో ఒకరు ఆగకుండా నడిచిపోతారు, ఇంకొకరు సగం దూరానికే నిలబడిపోతారు. ఒక సెకనులో ఎంత గాలి బయటికి ఊదగలరో చెప్పే అంకె, ఆ మనిషి ఎంత దూరం నడవగలడో చెప్పలేకపోతోంది. ఈ తేడాకు కారణం చాలాసార్లు గుండె దగ్గర ఉంటుందనీ, అక్కడ వెతకడంలో మనం ఆలస్యం చేస్తున్నామనీ నా అభిప్రాయం.

నడకను కొలిచే పద్ధతి చాలా సులువైనది. 30 మీటర్ల వరండాలో, వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని, ఆరు నిమిషాల్లో వీలైనంత దూరం నడవమంటారు. మధ్యలో ఆయాసం వచ్చి గోడకు ఆనుకుని నిలబడినా గడియారాన్ని ఆపరు. ఆ ఆగడం కూడా ఫలితంలో భాగమే. 2004లో వెలువడిన, సీఓపీడీ రోగికి ముప్పు ఎంతో అంచనా వేసే బోడ్ సూచీ బరువు, గాలి అడ్డంకి, ఆయాసాలతో పాటు ఈ నడక దూరాన్నీ లెక్కలోకి తీసుకుంది. 350 మీటర్లు, అంతకు మించి నడిస్తే సున్నా, 149 మీటర్లు దాటలేకపోతే మూడు మార్కులు. మార్కులు పెరిగేకొద్దీ ప్రాణాపాయమూ పెరుగుతుంది.

నడిచేటప్పుడు ఛాతీలో జరిగేది గమనించాలి. ఊపిరి వేగం పెరిగేసరికి లోపలికి పోయిన గాలి పూర్తిగా బయటికి రాక చిక్కుకుపోతుంది. అలా ఉబ్బిన ఊపిరితిత్తులు గుండెను ఒత్తడంతో, అందులో రక్తం నిండడానికి చోటు తగ్గుతుంది. మరోపక్క, ఆక్సిజన్ సరిగా అందని భాగాల్లో రక్తనాళాలు ముడుచుకుపోయి పీడనం పెరుగుతుంది, ఆ భారమంతా గుండెలోని కుడి కింది గది, అంటే కుడి జఠరిక మోయాలి. పొగతాగడం ఈ రెండు అవయవాలనూ దెబ్బతీస్తుంది కాబట్టి, ఎడమవైపు గుండె జబ్బు కూడా తోడై ఉండే అవకాశం తక్కువేమీ కాదు.

గుండె గోడలు ఇలా సాగినప్పుడు రక్తంలోకి బీఎన్‌పీ అనే హార్మోన్, దానితోపాటే విడిపోయే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ముక్క విడుదలవుతాయి. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట పంది మెదడులో కనుగొన్నారు గనుకనే పేరులోని ‘బీ’గా బ్రెయిన్, అంటే మెదడు, మిగిలిపోయింది, నిజానికి ఎక్కువగా తయారుచేసేది గుండె జఠరికలే. గుండె కండరానికి గాయమైతే పెరిగేది ట్రోపోనిన్. సీఓపీడీ రోగుల్లో ఈ సూచికలు ఎక్కువగా ఉన్నవారు సగటున తక్కువ దూరం నడుస్తున్నట్టు పలు అధ్యయనాలు చూపాయి.

అయితే సగటు వేరు, ఎదుట కూర్చున్న మనిషి వేరు. అత్యవసరం కాని స్థితిలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మిల్లీలీటరుకు 125 పికోగ్రాములకు లోపుంటే గుండె వైఫల్యం ఉండే అవకాశం తక్కువ. దాటితే మాత్రం అదే రోగనిర్ధారణ కాదు. వయసు, మూత్రపిండాల బలహీనత, గుండె లయ తప్పడం దాన్ని పెంచుతాయి, ఊబకాయం తగ్గిస్తుంది. జబ్బు ఉద్ధృతమైన రోజుల్లోనూ ఇది పైకి పోతుంది కనుక, నిలకడగా ఉన్నప్పుడు తీసిన తన పాత ఫలితంతో పోల్చుకోవడం మేలు.

అందుకే అందరికీ ఈ రక్తపరీక్షలు రాసెయ్యమని నేను అనను. ముందు నడిపించి చూడాలి. స్పైరోమెట్రీ ఫలితంతో పొంతన లేనంత తక్కువ దూరం నడిస్తే అప్పుడు రక్తపరీక్ష, అది ఎక్కువగా ఉంటే గుండెను స్కాన్ చేసే ఎకో. ఈ వరుస ఎందుకు ముఖ్యమో 2019లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడాల్సిన గుండె కారణమేదీ లేని సీఓపీడీ రోగులకు ఆ రకానికే చెందిన మెటోప్రోలాల్ ఇస్తే జబ్బు ఉద్ధృతులు ఆలస్యం కాలేదు సరికదా, ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రమైనవి పెరిగాయి. గుండె వైఫల్యం నిజంగా ఉన్నవారికి మాత్రం, ఊపిరితిత్తుల జబ్బు ఉందన్న భయంతో గుండెకే ప్రధానంగా పనిచేసే బీటా బ్లాకర్లను ఆపెయ్యడం అన్యాయమే అవుతుంది.

చికిత్స మార్చాక, వ్యాయామ పునరావాసం కొన్ని వారాలు సాగాక, అదే వరండాలో మళ్లీ నడిపించాలి. 30 మీటర్ల తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు గానీ, గోడకు ఆనుకోకుండా ఇంకో పొడవు నడిచిన మనిషికి ఆ తేడా తెలుస్తుంది.