పూలతోట తెలిసినవాళ్లకు హౌస్‌బోట్ కష్టమా?

మొన్న రాత్రి మా అమ్మాయి రెండు నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి. తెలుగులో సమాసాలకు విగ్రహవాక్యాలు చకచకా రాసేసింది. ఇంగ్లిష్ కాంపౌండ్ వర్డ్స్ దగ్గర ఆగిపోయింది. కలిపి రాసేవి, హైఫన్ పెట్టేవి, విడిగా రాసేవి అని మూడు వరుసలు. తెల్లారేసరికి బట్టీ పట్టాలి, ఏది ఏ వరుసలోదో అని టెన్షన్. రెండు పుస్తకాల్లోనూ ఉన్నది ఒకే పాఠమని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

నన్నడిగితే ఆ మూడు వరుసలు అసలు పాఠమే కాదు. అవి రాతలో అలవాట్లు, మారిపోతుంటాయి. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ దాదాపు 16,000 హైఫన్లు తీసేసింది. ఐస్ క్రీమ్ రెండు మాటలైంది, బంబుల్‌బీ ఒకటైంది. ఆ పదాలు ఏర్పడిన తీరు మాత్రం మారలేదు.

ఆ తీరు మనకు తెలిసిందే. మిల్క్ చాక్లెట్ తింటాం, చాక్లెట్ మిల్క్ తాగుతాం. చివరి మాటే వస్తువు, ముందుది అది ఎలాంటిదో చెబుతుంది. హౌస్‌బోట్ పడవ, బోట్‌హౌస్ పడవలు ఉంచే చోటు. పూలతోట, తోటపూలు కూడా అంతే కదా! తత్పురుష సమాసంలో ఉత్తరపదమే, అంటే రెండో మాటే, ప్రధానమని తెలుగు మాస్టారు చెప్పే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. రెడ్‌హెడ్ అంటే తల కాదు, ఎర్రజుట్టు మనిషి. ముక్కంటి అంటే కన్ను కాదు, శివుడు. ఇలాంటి పదాలకు ఇంగ్లిష్ భాషాశాస్త్రంలోనూ బహువ్రీహి అనే పేరు. సంస్కృత వ్యాకరణం నుంచి యూరప్ పండితులు తీసుకున్న మాటే అది.

మనకు నిజంగా కొత్తది ఊనిక, అంటే మాటలో ఒక భాగాన్ని ఒత్తి పలకడం. గ్రీన్ మీద ఒత్తి పలికితే గ్రీన్‌హౌస్ మొక్కలు పెంచే అద్దాల గది. హౌస్ మీద ఒత్తితే పచ్చరంగు ఇల్లు. తెలుగులో ఊనికతో ఇలా అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టుకోదు. క్లాసులో సమయం పెట్టాల్సింది దీనికి. ఒత్తి పలకని రెండో భాగం కాలం గడిచేకొద్దీ అరిగిపోతుంది కూడా. కప్పులు పెట్టుకునే బల్ల కప్‌బోర్డ్, ఇంగ్లిష్‌వాళ్ల నోట్లో కబడ్ అయింది. లార్డ్ మరీ అరిగింది. పాత ఇంగ్లిష్‌లో రొట్టె, కాపలాదారు అనే రెండు మాటలు కలిసిన పదం అది. విండో పాత నార్స్ అనే స్కాండినేవియా భాష నుంచి వచ్చింది, గాలికి కన్ను అని. మన గవాక్షంలో ఆవు కన్ను ఉంది!

ఆ రాత్రి ఇంగ్లిష్ పదాలకే విగ్రహవాక్యాలు రాయమన్నాను. టూత్‌బ్రష్, పళ్ల కొరకు బ్రష్, చతుర్థి. హ్యాండ్‌మేడ్, చేతితో చేసినది, తృతీయ. సీసిక్, అంటే ఓడ ప్రయాణంలో కడుపులో తిప్పినవాళ్లు, దాని దగ్గర పెన్ను ఆగింది.

"సముద్రం చేతనా, సముద్రం వలనా నాన్నా?"

కాసేపు ఆలోచించి తనే 'వలన' అని రాసి, పక్కన పంచమి అని పెట్టుకుంది.