ఫోటోలో పడని విశాఖ

విశాఖపట్నం పాత ఫోటో పక్కన కొత్తది పెట్టి ‘అప్పుడు – ఇప్పుడు’ అని చూపడం ఇటీవల బాగా పెరిగింది. పెంకుటిల్లు పోయి అపార్ట్‌మెంట్ వచ్చిందని నిట్టూర్చడానికి ఆ జంట చాలు. కానీ నిదానంగా చూస్తే, కెమెరా నిలబడిన చోటు కూడా మారిందని తెలుస్తుంది.

1933లో ఓడరేవు తెరిచే నాటికి ఊరంటే ప్రధానంగా నేటి వన్‌టౌనే. అందుకే పాత చిత్రాల్లో డాల్ఫిన్స్ నోస్ కొండ, రేవు ముఖద్వారం, చర్చి, దర్గా, గుడి ఉన్న మూడు గుట్టలు, వాటి కింద కిక్కిరిసిన కప్పులు కనిపిస్తాయి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం తర్వాత వాల్తేరు మిట్టకు చేరింది, ఊరూ ఉత్తరంగా సాగింది. ఇప్పుడు ఫోటో తీసేవారు కైలాసగిరి ఎక్కి దక్షిణానికి చూస్తారు. బీచ్ రోడ్డు వంపంతా చిక్కుతుంది, వన్‌టౌన్ మాత్రం దూరపు మసకలో కలిసిపోతుంది.

కోటవీధి వైపు మిగిలిన పాత ఇళ్లను దగ్గరగా చూస్తే మరో తేడా బయటపడుతుంది. మందపాటి సున్నపు గోడలు, చిన్న కిటికీలకు చెక్క తలుపులు, చూరు కింద అరుగు: సముద్రం అంత దగ్గర ఉన్నా, ఉప్పుగాలిని ఎంత మేర లోపలికి రానివ్వాలో లెక్క చూసి కట్టిన ఇళ్లవి. జయపురం రాజావారి హవా మహల్ లాంటివి సముద్రానికి ఎదురుగా నిలిచాయి నిజమే, కానీ అవి రాజుల విడుదులు. సామాన్యుడి ఇల్లు సముద్రాన్ని చూడటానికి కట్టింది కాదు.

ఇప్పుడు ఆ చూపుకే ధర. బాల్కనీలు, పెద్ద పెద్ద అద్దాలు అన్నీ తూర్పుకే తిరిగాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు, గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలికి ఈ అద్దాలు ఎంతవరకు ఆగాయో నగరమంతా చూసింది. తుపాను రాని ఏళ్లలోనూ ఉప్పుగాలి పని ఆగదు: స్లాబులోని ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, బాల్కనీ అడుగున పెచ్చులూడి ఎర్రటి చారలు దిగుతాయి. బిల్డర్ల బ్రోచర్లలో భవనం ఎప్పుడూ నిన్ననే సున్నం వేసినట్లుంటుంది కాబట్టి, ఈ చారలకు అక్కడ చోటు దొరకదు.

నా దృష్టిలో, ఈ మార్పుకు నమ్మదగిన సాక్ష్యం కుటుంబాల ఆల్బమ్‌లలో ఉంది. కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఒకే చోట ఉంది. దాని ముందు తీయించుకున్న ఫోటోలను ఏడాది వరుసలో పేర్చి చూస్తే, రోడ్డుకు అవతల వెనకవైపు భవనాల వరస ఎలా ఎదిగిందో అంతస్తులు లెక్కపెట్టి చెప్పవచ్చు. వాటిని తీసినవారు భవనాలను తీయాలనుకోలేదు, పిల్లలను నిలబెట్టి నవ్వమన్నారంతే.